ఫ్లోరైడ్ నీళ్ళతో కెమిస్ట్రీ పాఠం: కేస్ స్టడీ క్లాసు ఎక్కడ చెడుతోంది?

నల్లగొండ_కెమిస్ట్రీ

అందరికీ నమస్కారం. నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పదకొండేళ్ళుగా కెమిస్ట్రీ చెప్తున్నాను. ఈ సెమిస్టర్‌లో సాల్యుబిలిటీ ప్రోడక్ట్ (ఒక లవణం నీళ్ళలో ఎంతవరకు కరగగలదో చెప్పే స్థిరాంకం) పాఠం వచ్చినప్పుడు, ఎప్పటి సిల్వర్ క్లోరైడ్ లెక్కలు పక్కనపెట్టి, మా పిల్లలు పుట్టినప్పటి నుంచీ వింటున్న ఫ్లోరైడ్ సమస్యతో చెప్దామనుకున్నాను. సెలవుల్లో కూర్చుని రెండు పేజీల కేస్ షీట్ రాశాను. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ జబ్బును గుర్తించిన సంగతి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 వరకు సరేననీ చెప్పే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్లగొండ పద్ధతి. అన్నీ పెట్టాను. చివర ఐదు ప్రశ్నలు ఇచ్చాను.

పిల్లలు నలుగురేసి కూర్చుని షీట్‌లోని వాక్యాలనే జవాబులుగా దించేశారు. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. నాకు చాలా బాధేసింది.

క్లాసయ్యాక ఒకమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. వాళ్ళ నాయనమ్మకి నడుం వంగిపోయి చాలా ఏళ్ళయిందట. "మేడం, ఇంటికి భగీరథ నీళ్ళొస్తున్నయి. పొలం కాడ మాత్రం అందరం బోరు నీళ్ళే తాగుతం. కాచి చల్లార్చి తాగితే ఫ్లోరైడ్ పోతదా?" అని అడిగింది.

గంటసేపు నేను చెప్పినదాంట్లో ఆ పిల్లకి కావలసిన ముక్క ఒక్కటీ లేదు. కాస్తే నీళ్ళు తగ్గుతాయి గానీ ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది, అంటే గ్లాసు నీళ్ళలో దాని పాలు పెరుగుతుందన్నమాట. ఇది చెప్పి పంపాను. ఆ ప్రశ్న క్లాసులో ఎందుకు రాలేదన్నదే నన్ను తొలిచేస్తోంది. కేస్ స్టడీలతో, పీబీఎల్‌తో (సమస్యతో మొదలుపెట్టి నేర్పే పద్ధతి) చెప్పిన అనుభవం ఉన్నవాళ్ళు నా పొరపాటేమిటో చెప్పండి.

భీమవరం_జువాలజీ

మేడం, మీ షీట్ చదవకుండానే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. జబ్బు, కారణం, మందు మూడూ అందులోనే ఇచ్చేశారు. ఇక పిల్లలకి ఆలోచించే పనేముంది?

నేనూ మొదట్లో అలాగే చేశాను. ఇప్పుడు మా ఊరి రొయ్యల చెరువుతో మొదలుపెడతాను. షీట్‌లో నాలుగు లైన్లే ఉంటాయి. "రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. చెరువులో నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి కాపలా మనిషి రైతుకి ఫోన్ చేశాడు, రొయ్యలు పైకి తేలుతున్నాయని. సాయంత్రం అయిదింటికి చూసినప్పుడు అంతా బాగానే ఉంది." అంతే. రాత్రి ఏం జరిగిందో చెప్పమంటాను.

మా పిల్లల్లో సగం మందికి ఇళ్ళల్లోనో బంధువుల్లోనో చెరువులున్నాయి. "డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) పడిపోయింది సార్" అని వెంటనే అనేస్తారు. ఏరేటర్లు వేయాలనీ తెలుసు. కానీ పచ్చటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ ఉండాలి కదా, ఎందుకు పడిపోయింది అంటే అక్కడ ఆగిపోతారు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుందని టెన్త్ నుంచీ రాస్తున్నారు. రాత్రి అదే నాచు రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ వాడుకుంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. మబ్బు రోజుల్లో పగటి సంపాదన తక్కువ, రాత్రి ఖర్చు మామూలే. ఈ మాట వాళ్ళ నోటి నుంచే రావాలని చూస్తాను. కొన్ని బ్యాచ్‌లలో నలభై నిమిషాలు పడుతుంది.

తర్వాత డీఓ కొలిచే వింక్లర్ టైట్రేషన్. ఒకే చెరువు నుంచి మధ్యాహ్నం మూడింటికి ఒక సీసా, తెల్లవారుజామున అయిదింటికి ఒక సీసా పట్టిస్తాం. బుడగ లేకుండా మూత పెట్టడం నేర్చుకోడానికే సగం పూట పోతుంది. మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ చెరువు గట్టు మీదే కలిపేస్తాం. ఆక్సిజన్ ఎక్కువున్న మధ్యాహ్నం సీసాలో ముదురు గోధుమరంగు మడ్డి దిగుతుంది. తెల్లవారుజాము సీసాలో అది పాలిపోయి, తెలుపుకి దగ్గరగా ఉంటుంది. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టాక క్లాసులో మాటలుండవు. బ్యూరెట్ ఇంకా పట్టుకోకముందే వాళ్ళకి జవాబు కళ్ళెదురుగా ఉంటుంది. ఆ తర్వాత థయోసల్ఫేట్ లెక్క చెప్తే, ఎందుకు చేస్తున్నామో తెలిసి చేస్తారు.

ఇంతకీ మీ పాఠానికి మొదటి వాక్యం మీ దగ్గరే ఉంది మేడం. ఆ అమ్మాయి ప్రశ్న ఉన్నదున్నట్టు బోర్డు మీద రాయండి.

పాతికేళ్ళ_ఫిజిక్స్

వినడానికి బాగుంది. నా అభ్యంతరాలు చెప్తాను.

సెమిస్టర్‌లో మనకి నికరంగా దొరికేది పదమూడు, పద్నాలుగు వారాలు. అయిదు యూనిట్లు. ఒక్క చెరువుకి మూడు క్లాసులు ఖర్చుపెడితే మిగిలిన సిలబస్ ఎవరు చెప్తారు? చివరికి పరీక్షలో వచ్చేది "వివరింపుము" ప్రశ్నే. పేపరు దిద్దేవాళ్ళకి మన చెరువు గురించి తెలియదు.

రెండోది, ఇంకా పెద్దది. పునాది లేని పిల్లల్ని సమస్యలోకి తోసి, మీరే కనుక్కోండి అంటే కనుక్కోలేరు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు దీనిమీద గట్టి వ్యాసమే రాశారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ బుర్ర ఒకేసారి ఎక్కువ సంగతులు పట్టుకోలేదు, వాళ్ళకి నేరుగా, విడమరిచి చెప్పడమే మేలని వాళ్ళ వాదన. నా పాతికేళ్ళ అనుభవం కూడా అదే. ఇంటర్‌లో లాగరిథమ్స్ సరిగ్గా రానివాళ్ళకి డిగ్రీలో కేస్ స్టడీ ఇస్తే, వచ్చినవాళ్ళు చేస్తారు, రానివాళ్ళు పక్కన కూర్చుంటారు. ఇలా జరిగితే నష్టం ఎవరికి? పేదపిల్లలకే.

మిషిగన్_బయాలజీ

ఫిజిక్స్ సార్ చెప్పిన భయం నిజమే. పూర్తిగా వదిలేస్తే అలాగే అవుతుంది. అందుకే నేను ఇంటరప్టెడ్ కేస్ వాడతాను. కథను ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఇచ్చి ఆపడం. మధ్యలో పది నిమిషాలు అవసరమైన పాఠం చెప్పడం. మళ్ళీ తర్వాతి ముక్క. బఫెలో యూనివర్సిటీలో క్లైడ్ హెరీడ్ అనే ప్రొఫెసర్ సైన్స్ కేసుల కోసం ఒక కేంద్రమే నడిపారు. ఆయన ఈ పద్ధతిని బాగా ప్రచారం చేశారు. పెద్ద క్లాసుల్లో కూడా నడుస్తుంది.

ఇక్కడ మిషిగన్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో చెప్తున్నాను. ఫ్లింట్ ఊరు మాకు దగ్గరే. నా కేసు ఇలా సాగుతుంది.

మొదటి ముక్క: 2014 ఏప్రిల్‌లో ఫ్లింట్ నగరం డబ్బు ఆదా కోసం డెట్రాయిట్ నుంచి కొనే నీళ్ళు మానేసి ఫ్లింట్ నది నీళ్ళు వాడటం మొదలుపెట్టింది. కొద్ది వారాల్లోనే నీళ్ళు రంగుగా ఉన్నాయి, వాసనొస్తున్నాయి అని జనం ఫిర్యాదు చేశారు. ఏం పరీక్షలు చేయిస్తారు?

అందరూ బ్యాక్టీరియా అంటారు. అది సహజమే. అప్పుడు రెండో ముక్క ఇస్తాను: అదే ఏడాది అక్టోబర్‌లో ఊళ్ళోని కారు ఇంజన్ల ఫ్యాక్టరీ ఈ నీళ్ళు మాకొద్దంది, విడిభాగాలు తుప్పు పడుతున్నాయని.

ఇక్కడ క్లాసు మలుపు తిరుగుతుంది. ఇనుముని తినేసే నీళ్ళు, ఇళ్ళకి వెళ్ళే పాత సీసం పైపుల్ని ఏం చేస్తాయి? నీళ్ళలో క్లోరైడ్ ఎక్కువ. పైపు లోపల రక్షణ పొర నిలబడటానికి కలపాల్సిన ఫాస్ఫేట్ కలపలేదు. ఆక్సిడేషన్, అయాన్లు, పీహెచ్ అన్నీ అక్కడే చెప్తాను, ఎందుకంటే అప్పుడు అడుగుతారు. చివరి ముక్క పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా 2015లో బయటపెట్టిన లెక్కలు, చిన్నపిల్లల రక్తంలో సీసం గురించి. ఆ గ్రాఫ్ వాళ్ళచేతే గీయిస్తాను.

ఒక్క మాట. ఫ్యాక్టరీ సంగతి మొదటి ముక్కలోనే పెడితే కేసు చచ్చిపోతుంది. ఏ ముక్క ఎప్పుడివ్వాలి అన్నదానికే నాకు ఎక్కువ కష్టం పడుతుంది. నాలుగేళ్ళలో ఆ వరుసను ఆరుసార్లు మార్చాను.

శ్రీకాకుళం_డాక్టర్

పీబీఎల్ మొదలైంది మా వైద్యంలోనే. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్‌లో కొత్త మెడికల్ కాలేజీ మొత్తాన్నీ ఈ పద్ధతిలోనే నడిపారు. 1974లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ అందుకుంది. రోగి ముందు, పుస్తకం తర్వాత.

మీరెవరూ చెప్పని సంగతి ఒకటుంది. జవాబు ఇంకా తేలని కేసు కూడా క్లాసులో పెట్టండి. నేను ఉద్దానం కిడ్నీ జబ్బు తీసుకుంటాను. షుగరు, బీపీ లేని కొబ్బరి, జీడి తోటల కూలీలకి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయి? నీళ్ళా, పురుగుమందులా, ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడమా, సిలికానా? ఒక్కో అనుమానానికి ఏ ఆధారం ఉంటే నమ్ముతారు, ఏది దొరికితే వదిలేస్తారు అని రాయమంటాను. చివర్లో "అసలు జవాబేంటి సార్" అని అడుగుతారు. ఏ ఒక్క కారణమూ ఇంకా ఖాయం కాలేదని చెప్తే మొదట నిరాశపడతారు. తర్వాతి వారం వాళ్ళే పేపర్లు వెతుక్కుని వస్తారు.

క్యూసీ_ల్యాబ్_అమ్మాయి

నేను లెక్చరర్‌ని కాదు. మూడేళ్ళ కిందట బీఎస్సీ అయిపోయింది, ఇప్పుడు పాశమైలారంలో ఒక కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) చేస్తున్నాను. బెంచీ ఇవతల కూర్చున్నదాన్ని కాబట్టి రెండు మాటలు చెప్తాను.

మా కాలేజీలో ఒక మేడం గ్రూపుల్లో చేయించేవారు. మా గ్రూపులో ఆరుగురం. పని మొత్తం నేనూ ఇంకో అమ్మాయీ చేశాం, ప్రజెంటేషన్ మాత్రం ఇంగ్లిష్ బాగా వచ్చినతను ఇచ్చాడు. అతనికే మంచి పేరొచ్చింది. ఆ కోపం నాకు చాన్నాళ్ళు పోలేదు. దయచేసి నలుగురికి మించి పెట్టకండి, ఎవరేం చేశారో విడిగా అడగండి.

రెండోది భాష. నేను ఇంటర్ వరకు తెలుగు మీడియం. క్లాసులో "డిస్కస్ ఇన్ ఇంగ్లిష్" అన్న రోజు నేను నోరు విప్పలేదు. తెలిసినా చెప్పలేదు, తప్పు మాట్లాడితే నవ్వుతారని టెన్షన్. ఒక రోజు మేడం రాలేదు, ల్యాబ్ అసిస్టెంట్ సార్ వచ్చి "తెలుగులోనే కొట్లాడుకోండి, రాసేది ఇంగ్లిష్‌లో రాయండి" అన్నారు. ఆ రోజు మా క్లాసులో ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు ఎనిమిది మంది మాట్లాడారు. లెక్కపెట్టాను కాబట్టి గుర్తుంది.

ఇప్పుడు మా ల్యాబ్‌లో ఒక శాంపిల్ లిమిట్ దాటితే ఎందుకు దాటిందో ఇన్వెస్టిగేషన్ రాయాలి. పరికరమా, ద్రావణమా, మనిషా, శాంపిలే అలా ఉందా. ఆ ఒక్క క్లాసులో చేసిందే రోజూ చేస్తున్నాను.

పాతికేళ్ళ_ఫిజిక్స్

అమ్మా, నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. పక్కన కూర్చుండిపోయే పిల్లల గురించి నేనన్నది ఇదే, కానీ దానికి కారణం తెలివి తక్కువై అనుకుంటూ వచ్చాను. భాష అనుకోలేదు.

మిషిగన్ మేడం పద్ధతిలో మధ్యలో పాఠం చెప్పడం ఉంది కాబట్టి నా రెండో అభ్యంతరం చాలావరకు తగ్గింది. మొదటిది అలాగే ఉంది. మార్కులెలా వేస్తున్నారు?

భీమవరం_జువాలజీ

ఇంటర్నల్స్‌లో వేస్తున్నాను సార్. ఒక అసైన్‌మెంట్ బదులు ఇది. సెమిస్టర్‌కి రెండు కేసులు మించి పెట్టను. యూనిట్ మొత్తం కేసుతో చెప్పాలని చూస్తే మీరన్నట్టే సిలబస్ మిగిలిపోతుంది, నాకోసారి అలా జరిగి ఆదివారాలు క్లాసులు పెట్టాల్సొచ్చింది. గ్రూపుకి సగం మార్కులు, మిగతా సగం ఒక్కొక్కరిని విడిగా పిలిచి అడిగే రెండు ప్రశ్నలకి. "నీ సీసాలో బుడగ మిగిలిపోయి ఉంటే డీఓ ఎక్కువ చూపిస్తుందా తక్కువా?" లాంటివి. చెయ్యనివాళ్ళు దీనికి చెప్పలేరు.

వైజాగ్_ఫిజికల్_కెమ్

రియాక్షన్ రేట్ల పాఠానికి నేను ఇక్కడి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో జరిగిన 2020 మే 7 స్టైరీన్ లీక్ తీసుకుంటాను. కెమిస్ట్రీ అంతా ఉంది అందులో. స్టైరీన్ అణువులు తమంతట తాము గొలుసులుగా కలిసిపోతాయి, అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా కలుస్తాయి. దాన్ని ఆపడానికి టీబీసీ అనే ఇన్హిబిటర్ కలుపుతారు. అది పనిచేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి. లాక్‌డౌన్‌లో ట్యాంకు వారాల తరబడి కదలకుండా ఉంది. వేడి కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉందని హైపవర్ కమిటీ చెప్పింది. పైన వేడెక్కుతుంటే కింద ఏం తెలుస్తుంది? స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. 104ని 29తో భాగించి చూడమంటాను. అందుకే ఆకాశంలోకి పోకుండా ఇళ్ళ మీదికి పాకింది.

కానీ మేడం, ఒక విషయంలో జాగ్రత్త. మొదటి ఏడాది ఈ కేసు పెట్టినప్పుడు చనిపోయిన పన్నెండు మంది సంగతి మొదటి వాక్యంలోనే రాశాను, పిల్లలు శ్రద్ధగా వింటారని. మూడో బెంచీలో ఒకమ్మాయి లేచి బయటికి వెళ్ళిపోయింది. వాళ్ళది వెంకటాపురం. ఆ రాత్రి నిద్రలోంచి లేచి పరిగెత్తిన కుటుంబం. నాకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నం కూడా చేయలేదు. వరండాలో ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను.

ఇప్పుడు వారం ముందే ఏ కేసు రాబోతోందో చెప్తాను. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే వేరే కేసు ఇస్తాను. క్లాసులో ట్యాంకుతో మొదలుపెడతాను, మనుషుల దగ్గరికి చివర్లో వస్తాను, అదీ మెల్లగా. మీ క్లాసులో ఆ అమ్మాయి నాయనమ్మ ఉంది. ప్రశ్న బోర్డు మీద రాసేముందు ఆ పిల్లని అడగండి.

నల్లగొండ_కెమిస్ట్రీ

అడిగాను సార్. "నా పేరు చెప్పకుండా రాయండి మేడం" అంది. అలాగే రాశాను. మూడు వారాలైంది, జరిగింది చెప్తాను.

ఈసారి షీట్ ఇవ్వలేదు. బోర్డు మీద ఆ ప్రశ్న, బల్ల మీద నాలుగు సీసాల నీళ్ళు. రెండు బోర్లు, ఒక చేదబావి, ఒక నల్లా. ఎవరివో చెప్పలేదు. తెలుగులోనే మాట్లాడుకోమన్నాను. ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపు తిరిగే ఫీల్డ్ కిట్ చుక్కలు వేస్తే నల్లా నీళ్ళు గులాబీగానే ఉన్నాయి, ఒక బోరు నీళ్ళు పసుపు తిరిగాయి. అది ఆ అమ్మాయి వాళ్ళ పొలం బోరు. తర్వాత ఎలక్ట్రోడ్‌తో చూస్తే లీటరుకు 2.8 మిల్లీగ్రాములు.

ఒకే ఊళ్ళో బావిలో తక్కువ, బోరులో ఎక్కువ ఎందుకని వాళ్ళే అడిగారు. అప్పుడు చెప్పాను, కాల్షియం ఫ్లోరైడ్ సాల్యుబిలిటీ ప్రోడక్ట్ సుమారు 4 × 10⁻¹¹ అని. లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్ళు 3.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచగలవు. కాల్షియం 10కి పడిపోతే 7.6. కాల్షియం నాలుగో వంతైతే ఫ్లోరైడ్ రెట్టింపు. వర్గమూలం ఎక్కడినుంచి వచ్చిందో ఈసారి ఎవరూ బట్టీ పట్టలేదు.

అంతలో వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు. ఆ బోరులో కాల్షియం ఈడీటీఏ టైట్రేషన్‌తో లీటరుకు 20 మిల్లీగ్రాములు వచ్చింది కదా, లెక్క ప్రకారం ఫ్లోరైడ్ 5.4 ఉండాలి, 2.8 ఎందుకుంది, మన టైట్రేషన్ తప్పా మేడం అని. పదకొండేళ్ళలో ఈ పాఠంలో నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. సాల్యుబిలిటీ ప్రోడక్ట్ చెప్పేది పైహద్దు మాత్రమే, రాతిలోంచి అంతవరకు కరిగి తీరాలని లేదు అని చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు.

కష్టమైనది తర్వాత వచ్చింది. అంకె తెలిసిపోయింది, ఇక ఊరుకోలేం. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారిని కాలేజీకి రమ్మని, మా పిల్లల ఎదుటే చెప్పాను. తాగడానికి ఆ బోరు వద్దు, ఇంటి నల్లా నీళ్ళు క్యాన్‌లో పొలానికి తీసుకెళ్ళండి, కాచితే లాభం లేదు అని. ఆయన "మరి కూలోళ్ళకు ఎట్ల చెప్పాలె?" అన్నారు. పిల్లలు తెలుగులో ఒక పేజీ రాసి బోరు మోటారు డబ్బాకి అంటించి వచ్చారు. ప్రభుత్వ నీటి పరీక్షల ల్యాబ్‌లో కూడా చూపించి ఆ కాగితం ఇస్తామన్నాం, శాంపిల్ ఇచ్చాం.

ఇప్పుడు రెండు గ్రూపులు పటికతో చేసి చూస్తున్నాయి. బీకర్‌లో ఫ్లోరైడ్ తగ్గుతోంది గానీ, అడుగున తెల్లటి మడ్డి మిగులుతోంది. దాన్ని ఎక్కడ పారబోయాలి, మళ్ళీ నేలలోకే పోతుంది కదా అని వాళ్ళ గొడవ. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. సింకులో పోయనివ్వట్లేదు, బకెట్‌లో పెట్టి మూతపెట్టాం. ఈ మడ్డి సంగతి చూసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. పీహెచ్ ఏడు దాటితే పటిక నుంచి నీళ్ళలో మిగిలే అల్యూమినియం ఎంతుందో కొలవడానికి కూడా తేలికైన పద్ధతి కావాలి, మా దగ్గర కలరీమీటర్ ఒక్కటే ఉంది.

భీమవరం_జువాలజీ

అల్యూమినియంకి ఎరియోక్రోమ్ సయనిన్ ఆర్ అనే రంగుతో కొలిచే పద్ధతి ఉంది మేడం, కలరీమీటర్ చాలు. కానీ ఫ్లోరైడ్ మిగిలి ఉంటే రంగు తగ్గించి చూపిస్తుంది. ముందు పిల్లలకి ఆ సంగతి చెప్పకండి.